ప్రింటరుకు డోరు నంబరు ఎవరిస్తారు?

తెల్లవారి అయిదున్నర. పాల ప్యాకెట్ కత్తిరిద్దామని కత్తెర చేతిలోకి తీసుకున్నానో లేదో, గేటు దగ్గర రమణ గొంతు.

‘‘బాబాయ్‌గారూ... ఒక్కసారి షాపు దాకా రాగలరా? ప్రింటరు ఉలుకూ పలుకూ లేదు!’’

మా వీధి చివర జిరాక్స్ షాపు రమణది. మామూలు రోజుల్లో తొమ్మిదింటికి గానీ షట్టరు లేవదు. కానీ ఆ రోజు ఎంట్రెన్స్ పరీక్ష. హాల్‌టికెట్ ఫోన్లో ఉంటే చాలదు, కాగితం మీద ఉండాలి. రాత్రి గాలివానకు కరెంటు పోవడంతో ముందురోజు ప్రింటు తీసుకోలేకపోయిన పిల్లలంతా ఆ షాపు ముందు చేరారు. నేను వెళ్లేసరికి ఏడెనిమిది మంది ఉన్నారు. వాళ్లలో ఓ అమ్మాయి, పక్కనే వాళ్ల నాన్న. పరీక్ష కేంద్రం జిల్లా కేంద్రంలో. ఆరూ నలభై బస్సు తప్పితే సమయానికి చేరుకోవడం కష్టం.

కంప్యూటరు బాగానే ఉంది. నెట్ వస్తోంది. హాల్‌టికెట్లన్నీ తెర మీదికి వస్తున్నాయి. ప్రింటరు మీద పచ్చలైటు నిశ్చలంగా వెలుగుతోంది. కానీ ‘ప్రింట్’ నొక్కితే మాత్రం ‘ప్రింటరు ఆఫ్‌లైన్‌లో ఉంది’ అన్న మాట తప్ప కాగితం కదలడం లేదు. పోనీ యూఎస్‌బీ కేబుల్‌తో నేరుగా కలుపుదామా అంటే ‘‘నెట్‌వర్క్ ప్రింటరు కదా అని ఆ కేబుల్ ఎక్కడో పడేశా బాబాయ్‌గారూ’’ అన్నాడు రమణ.

నాకు తెలిసిన వైద్యమంతా చేశాను. కంప్యూటర్ని ఆపి మళ్లీ వేశాను. ప్రింటరు డ్రైవర్ తీసేసి కొత్తగా ఎక్కించాను. అరగంట కరిగిపోయింది. ఆ అమ్మాయి నాన్న నోరు తెరిచి ఏమీ అనలేదు. గోడ గడియారం వంకా నా వంకా మార్చి మార్చి చూస్తున్నాడు. ఆ చూపు ఇప్పటికీ మర్చిపోలేను.

అప్పుడు కనిపించింది... బల్లమీద రమణ ఇడ్లీ పొట్లం కింద పరిచిన కాగితం. దానిమీద ఏవో వరుసలు అచ్చయి ఉన్నాయి. ‘‘ఇదేంటి?’’ అన్నాను. ‘‘ప్రింటరు ఆన్ చేసినప్పుడల్లా ఇలాంటిదొకటి వదుల్తుంది బాబాయ్‌గారూ. దండగ కాగితం! పొద్దున కరెంటు రాగానే దానంతటదే వదిలింది. అందుకే ఇలా వాడేస్తుంటా’’ అన్నాడు. పొట్లం పక్కకు జరిపి చూశాను. చట్నీ మరక పక్కనే ‘ఐపీ అడ్రస్’ అని ఉంది. దానికెదురుగా 169.254తో మొదలయ్యే నంబరు. కంప్యూటరేమో తన దగ్గర రాసిపెట్టుకున్న 192.168.1.20 అనే నంబరు కోసం వెతుకుతోంది!

ప్రింటర్ని ఆపాను. పది అంకెలు లెక్కపెట్టి మళ్లీ వేశాను. ఈసారి బయటికొచ్చిన కాగితం మీద 192.168.1.20 అని ఉంది. ఆ వెనకే, వరసలో ఆగిపోయిన హాల్‌టికెట్లన్నీ టపటపా వచ్చిపడ్డాయి. టైము ఆరూ ఇరవై. ఆ తండ్రీకూతుళ్లు కాగితం అందుకుని పరిగెత్తారు.

ఇంతకీ ఆ 169.254 ఎక్కడి నుంచి ఊడిపడింది? ఆ నంబరు పెట్టింది రమణ కాదు, నేను కాదు, ప్రింటరు కంపెనీ కూడా కాదు. మరెవరు? ఈవారం కబుర్లు దాని గురించే.

పుట్టుమచ్చ వేరు... డోరు నంబరు వేరు

యూఎస్‌బీ తీగతో కంప్యూటరుకు కట్టేసిన ప్రింటరుకు చిరునామాతో పనిలేదు. తీగ ఎటు పోతే అటే మాట. కానీ నెట్‌వర్క్ ప్రింటరు సంగతి అలా కాదు. ఇంట్లోనో ఆఫీసులోనో కంప్యూటర్లూ ఫోన్లూ టీవీలూ అన్నీ ఒకే వీధిలో కాపురమున్నట్టు ఉంటాయి. ఆ వీధిలో ప్రింటరుదీ ఓ ఇల్లు. ఉత్తరం సరైన ఇంటికి చేరాలంటే డోరు నంబరు ఉండాలి కదా. అదే ఐపీ అడ్రస్.

ప్రింటరు పుట్టినప్పుడే దానికో గుర్తు వేసి పంపుతారు. దాని పేరు మ్యాక్ అడ్రస్. పదో తరగతి సర్టిఫికెట్లో పుట్టుమచ్చలు రాస్తారు చూడండి, అలాంటిదన్నమాట. సున్నా నుంచి తొమ్మిది దాకా అంకెలూ, ఎ నుంచి ఎఫ్ దాకా అక్షరాలూ కలిపి మొత్తం పన్నెండు ఉంటాయి. మొదటి ఆరు తయారీ సంస్థవి. వాటిని ఐట్రిపుల్‌ఈ అనే అంతర్జాతీయ ఇంజినీర్ల సంస్థ కేటాయిస్తుంది. మిగతా ఆరింటిని తయారుచేసినవాళ్లే వరసగా వేసుకుంటూ పోతారు. అలా ఒక్కో కేటాయింపుతో 1,67,77,216 పరికరాలకు వేర్వేరు గుర్తులు వేయొచ్చు. అయిపోతే మరో కేటాయింపు తీసుకుంటారు.

పుట్టుమచ్చతో మనిషిని గుర్తుపట్టొచ్చు. కానీ మనిషి ఏ వీధిలో ఉంటున్నాడో తెలియదు. అందుకే మ్యాక్ అడ్రస్ ఒక్కటే సరిపోదు, ఐపీ అడ్రస్ కూడా కావాలి. మొదటిది ఫ్యాక్టరీలో పడుతుంది. రెండోది ఎక్కడ కాపురం పెడితే అక్కడ దొరుకుతుంది.

బారసాల దాకా అందరూ ‘బుజ్జి’లే!

మరి ఆ ఐపీ అడ్రస్ కూడా ఫ్యాక్టరీలోనే వేసి పంపేయొచ్చు కదా అనిపిస్తుంది. కుదరదు. ఫలానా ప్రింటరు విజయవాడలో బ్యాంకుకు వెళ్తుందో, నిజామాబాద్‌లో కాలేజీకి వెళ్తుందో తయారుచేసేవాడికి ఎలా తెలుస్తుంది? డోరు నంబరు వేయాల్సింది ఆ ఊరి మున్సిపాలిటీ. ఇటుకలు కాల్చినవాడు కాదు.

అయినా సరే, తొలిరోజుల్లో కంపెనీలు ఏదో ఒక నంబరు పెట్టి పంపక తప్పలేదు. పెట్టె విప్పిన వెంటనే ప్రింటరుతో మాట కలపాలంటే ఎంతో కొంత ఆధారం ఉండాలి కదా! ప్రింటర్లను నేరుగా నెట్‌వర్క్‌కు కలిపే జెట్‌డైరెక్ట్ కార్డులను 1991లో హెచ్‌పీ సంస్థ తెచ్చింది. ఆ పాత కార్డులకు, అడిగినా ఎవరూ చిరునామా ఇవ్వకపోతే వాడుకోమని పెట్టిన నంబరు 192.0.0.192. బ్రదర్ సంస్థ పాత ప్రింటర్లదీ అదే నంబరు. ఎప్సన్ వాళ్లది 192.168.192.168. రికో పాత యంత్రాల్లో చూస్తే 11.22.33.44 అని ఉండేది. గుర్తుపెట్టుకోవడానికి ఎంత సులువో చూడండి! తమాషా ఏమిటంటే 11తో మొదలయ్యే నంబర్లన్నీ అమెరికా రక్షణ శాఖ పేరు మీద ఉన్నాయి. ఆఫీసు మూలన కూర్చున్న ప్రింటరుకు పెంటగన్ వీధిలో డోరు నంబరు అన్నమాట! ఎటూ ఆ నంబరు ఆఫీసు గడప దాటదు కాబట్టి గొడవేమీ లేదు.

ఈ ఫ్యాక్టరీ నంబర్లు బారసాల కాని పసిపిల్లల పేర్లలాంటివి. పేరు పెట్టేదాకా ఏ ఇంట్లో చూసినా ‘బుజ్జి’నే. ఒక్క ‘బుజ్జి’ ఉంటే ఇబ్బంది లేదు. ఒకే ఇంట్లో ఇద్దరు బుజ్జిలుంటే? ‘బుజ్జీ’ అని పిలిస్తే ఎవరు పలకాలి? ఒకే రకం ప్రింటర్లు రెండు కొని రెండింటినీ ఒకేసారి నెట్‌వర్క్‌కు తగిలిస్తే సరిగ్గా ఇదే జరిగేది. అందుకే ఆ రోజుల్లో ఒకదానికి నంబరు మార్చాకే రెండోదాని పెట్టె విప్పమనేవారు.

ఇంకో చిక్కు కూడా ఉండేది. మన కంప్యూటరు ఉండేది 192.168.1 వీధిలో. ప్రింటరు ఉన్నది 192.0.0 వీధిలో. పక్కపక్క బల్లల మీదే ఉన్నా, కంప్యూటరు లెక్క ప్రకారం అది వేరే ఊరు. కాబట్టి ముందు కంప్యూటరు నంబరును తాత్కాలికంగా ప్రింటరు వీధిలోకి మార్చి, ప్రింటరుకు కొత్త నంబరు ఇచ్చి, మళ్లీ తన వీధికి తిరిగిరావాలి. కోడలిని తెచ్చుకోవడానికి మనమే వియ్యంకుడి ఊరెళ్లి రావడం లాంటిది.

చిరునామా లేనివాడు అడిగేదెలా?

ఇంత తిప్పలు ఎందుకు, ప్రింటరే లేచి ‘నాకో నంబరు ఇవ్వండి’ అని అడగొచ్చు కదా? అడగొచ్చు. కానీ ఇక్కడే అసలు మెలిక. ఉత్తరం రాస్తే జవాబు రావడానికి మన చిరునామా రాయాలి. చిరునామా కోసమే ఉత్తరం రాసేవాడు ఏ చిరునామా రాస్తాడు?

దీనికి మొదటి జవాబు 1984లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం నుంచి వచ్చింది. పేరు రార్ప్. ‘నా పుట్టుమచ్చ ఇదీ... నా నంబరేమిటో ఎవరికైనా తెలుసా?’ అని పరికరం వీధి మొత్తానికీ వినిపించేలా అరుస్తుంది. జాబితా పట్టుకుని కూర్చున్న ఓ కంప్యూటరు ఆ పుట్టుమచ్చను చూసి ‘నీ నంబరు ఫలానా’ అని చెబుతుంది. బాగానే ఉంది గానీ, నంబరు తప్ప మరో ముక్క చెప్పదు. ఊరి బయటికి దారెటు, ఈ వీధి ఎక్కడిదాకా ఉంది... ఇవేవీ ఉండవు.

మరుసటి ఏడాది, అంటే 1985 సెప్టెంబరులో బిల్ క్రాఫ్ట్, జాన్ గిల్మోర్ అనే ఇద్దరు బూట్‌పీ అనే పద్ధతిని రాశారు. అడిగేవాడు తన చిరునామా గడిలో 0.0.0.0 అని రాస్తాడు, అంటే ‘నాకింకా చిరునామా లేదు’ అని. ఎవరికి అన్నచోట 255.255.255.255 అని రాస్తాడు. అంటే ‘వినేవాళ్లందరికీ’ అని. జవాబులో నంబరుతోపాటు మిగతా వివరాలు కూడా అందుతాయి. హార్డ్‌డిస్క్ లేని కంప్యూటర్ల కోసం పుట్టిన ఈ పద్ధతి ప్రింటర్లకు చక్కగా అక్కరకొచ్చింది.

కానీ జాబితా రాసేది మనిషే. ఆఫీసుకు కొత్త ప్రింటరు వస్తే దాని వీపు మీద ఉన్న పన్నెండు అంకెల పుట్టుమచ్చను తప్పులేకుండా ఎక్కించాలి. ఒక్క అక్షరం తేడా వచ్చినా అంతే సంగతులు.

జాబితా కూడా లేని చిన్న ఆఫీసుల్లో ఇంజినీర్లు ఓ చిట్కా వాడేవారు. ‘ఫలానా పుట్టుమచ్చ ఉన్నవాడి నంబరు ఇదీ’ అని ముందు తమ కంప్యూటరుకే నూరిపోసేవారు. తర్వాత ఆ నంబరుకు పింగ్ అనే పలకరింపు పంపేవారు. అది తిన్నగా ప్రింటరు గుమ్మంలోకి వెళ్లేది. ‘పుట్టుమచ్చ నాదే, నంబరు మాత్రం కొత్తగా ఉందే... సరే, ఇకనుంచి ఇదే నా నంబరు కాబోలు’ అని ప్రింటరు దాన్ని తీసేసుకునేది. ఎవరో దారినపోతూ పిలిచిన పేరునే సొంతం చేసుకున్నట్టు!

లాడ్జి గుమస్తా వచ్చాడు

ఈ బాధలన్నిటికీ మందు డీహెచ్‌సీపీ. అమెరికాలోని బక్‌నెల్ విశ్వవిద్యాలయానికి చెందిన రాల్ఫ్ డ్రోమ్స్ పేరుతో 1993 అక్టోబరులో తొలి నిబంధనావళి వచ్చింది. 1997 మార్చిలో దాన్ని సవరించారు. ఇవాళ మన ఇంట్లో వైఫై పెట్టె చేస్తున్న పని ఇదే. బూట్‌పీ ఉత్తరాల నమూనానే తీసుకుని, చేత్తో జాబితా రాసే పని తప్పించారు.

లాడ్జిలో గుమస్తాను ఊహించుకోండి. మీరు వెళ్లి ‘గది ఉందా?’ అంటారు. ‘ఇరవయ్యో నంబరు ఉంది, కావాలా?’ అంటాడు. ‘అదే ఇవ్వండి’ అంటారు. ‘ఇదిగో తాళం, రేపు ఇదే టైము దాకా మీది’ అంటాడు. సరిగ్గా ఈ నాలుగు మాటలే ప్రింటరుకూ వైఫై పెట్టెకూ మధ్య జరుగుతాయి. మామూలుగా అయితే రెప్పపాటులో అయిపోతాయి.

‘రేపు ఇదే టైము దాకా’ అన్నాడే, అది ముఖ్యం. ఇచ్చిన నంబరు సొంతం కాదు, అద్దెకే. చాలా ఇళ్లలోని పెట్టెలు ఒక రోజు గడువుతో ఇస్తాయి. సగం గడువు దాటగానే ప్రింటరు ‘ఇంకొన్నాళ్లు ఉంటా’ అని అడుగుతుంది. గుమస్తా సరేనంటాడు. అందుకే ఎప్పుడూ ఆన్‌లో ఉండే ప్రింటరు నంబరు నెలల తరబడి మారదు. నాలుగు రోజులు ఊరెళ్లి ప్రింటర్ని ఆపేస్తే మాత్రం, ఈలోగా ఇంటికొచ్చిన చుట్టాల ఫోనుకు ఆ నంబరు వెళ్లిపోవచ్చు.

అన్నట్టు, మీ ఇంట్లోనూ 192.168.1.20 ఉండొచ్చు, మా ఇంట్లోనూ ఉండొచ్చు. గొడవేం లేదు. ఈ పద్ధతిలో మొత్తం నంబర్లు 429 కోట్ల పైచిలుకే. లోకంలోని పరికరాలన్నిటికీ చాలవని ముందే గ్రహించి, 1994 మార్చిలో కొన్ని వరుసలను ‘ఎవరింట్లో వాళ్లు వాడుకోండి, బయటికి మాత్రం తేకండి’ అని ఇచ్చేశారు. 192.168 అందులోదే. ఊరూరా గాంధీబొమ్మ సెంటరు ఉండదూ! ఏ ఊళ్లోవాళ్లకు ఆ ఊరి సెంటరే. అలాగే ఇదీ. ముందుచూపు మంచిదే అయింది. పంచిపెట్టడానికి మిగిలిన నంబర్ల మూట 2011 ఫిబ్రవరి 3న ఖాళీ అయిపోయింది.

కిటికీలోంచి కర్చీఫ్

ఇక మన ఇడ్లీ కాగితం దగ్గరికి వద్దాం. గుమస్తా లేకపోతే? పిలిచినా పలక్కపోతే?

రమణ షాపులో జరిగింది ఇదే. తెల్లవారుజామున కరెంటు వచ్చింది. ప్రింటరూ, వైఫై పెట్టే రెండూ ఒకేసారి నిద్రలేచాయి. ప్రింటరు చురుకైంది. ముందే తయారైపోయి ‘నంబరు ఉందా?’ అని అడిగింది. పెట్టె ఇంకా కళ్లు నులుముకుంటోంది. మళ్లీ అడిగింది. జవాబు లేదు. కాసేపు చూసి ‘ఇక్కడ ఇచ్చేవాళ్లెవరూ లేరు, నా దారి నేను చూసుకుంటా’ అనుకుంది. పాత హెచ్‌పీ కార్డయితే 192.0.0.192 పెట్టుకునేది. ఆ తర్వాత వచ్చిన ప్రింటర్లు మాత్రం 169.254 వీధిలోకి వెళ్తాయి.

పండగ రద్దీలో ఆర్టీసీ బస్సెక్కడం మీకు తెలిసిందే. కండక్టరు ఇంకా రాలేదు. కిటికీలోంచి చూసి ‘ఇక్కడెవరైనా ఉన్నారా అండీ?’ అని అడుగుతాం. ఎవరూ మాట్లాడకపోతే కర్చీఫ్ వేస్తాం. ఎవరైనా ‘ఉన్నారు’ అంటే ఇంకో సీటు చూస్తాం. ప్రింటరు చేసేది అక్షరాలా ఇదే. 169.254.1.0 నుంచి 169.254.254.255 దాకా మొత్తం 65,024 సీట్లున్నాయి. వాటిలో ఒకటి ఎంచుకుంటుంది. ‘ఈ నంబరు ఎవరిదైనానా?’ అని మూడుసార్లు అడుగుతుంది. మాటకీ మాటకీ మధ్య ఒకటి రెండు సెకన్లు ఆగుతుంది. జవాబు రాకపోతే ‘ఇది నాది’ అని రెండుసార్లు చాటుతుంది. పదిసార్లు ఎదురుదెబ్బ తగిలితే ఇక తొందరపడదు, నిమిషానికి ఒక్క ప్రయత్నమే చేస్తుంది. రద్దీలో తోసుకోకూడదన్న మర్యాద యంత్రాలకూ నేర్పారన్నమాట!

సీటు ఎంపిక గుడ్డిగా జరిగినట్టు కనిపిస్తుంది గానీ పూర్తిగా అలా కాదు. తన పుట్టుమచ్చ ఆధారంగానే లెక్క మొదలుపెట్టమని నిబంధన సలహా ఇస్తోంది. దానివల్ల రెండు లాభాలు. రెండు పరికరాలు ఒకే సీటు మీద పడటం తక్కువ. పైగా ఎన్నిసార్లు ఆపి వేసినా అదే సీటు వైపు వెళ్లే అవకాశం ఎక్కువ.

ఈ ఏర్పాటు 1998లో వచ్చిన విండోస్ 98లోనే ఉంది. అందరూ పాటించాల్సిన నిబంధనగా రాసింది మాత్రం 2005 మేలో. రాసినవాళ్లు ముగ్గురు. యాపిల్ నుంచి స్టువర్ట్ చెషైర్, మైక్రోసాఫ్ట్ నుంచి బెర్నార్డ్ అబోబా, సన్ సంస్థ నుంచి ఎరిక్ గట్‌మన్. బజారులో ఒకరి మీద ఒకరు కాలుదువ్వే కంపెనీల వాళ్లు ఓ చిన్న ప్రింటరు కోసం ఒకే కాగితం మీద సంతకం చేసినట్టు!

ఇందులో మరో ముఖ్యమైన షరతు. 169.254 వీధి ఆ ఇంటికే పరిమితం. ఆ నంబరుతో వెళ్లిన ఉత్తరాన్ని ఏ రూటరూ ఊరు దాటించకూడదు. కంప్యూటరూ ప్రింటరూ రెండూ ఆ వీధిలోనే ఉంటే నిక్షేపంగా మాట్లాడుకుంటాయి. ఒకటి అక్కడ, ఒకటి 192.168.1 వీధిలో ఉంటేనే మాటల్లేవు. ఆ పొద్దున మేం కంప్యూటర్ని నాలుగుసార్లు ఆపి వేశాం. ప్రింటర్ని ఒక్కసారీ ఆపలేదు. పచ్చలైటు వెలుగుతోంది కదా, దానికేం కాలేదనుకున్నాం. నిజమే, దానికేం కాలేదు. ఇల్లు మారింది, అంతే!

గుమస్తా వచ్చాడేమోనని చాలా ప్రింటర్లు మధ్యమధ్యలో అడుగుతూ, నంబరు దొరకగానే పాత వీధికి తిరిగొచ్చేస్తాయి. రమణ దగ్గరున్నది పాతది. ఒకసారి కర్చీఫ్ వేశాక, మనం ఆపి వేస్తే తప్ప లేవలేదు.

డోరు నంబరు లోకానికి తెలిస్తే...

ఇన్ని అవస్థలెందుకు, ప్రింటరుకు ప్రపంచంలో ఎక్కడినుంచైనా పలికే నంబరు ఇచ్చేస్తే పోలా అనుకునేవాళ్లున్నారు. అక్కడే ప్రమాదం. చాలా నెట్‌వర్క్ ప్రింటర్లలో 9100 అనే కిటికీ తెరిచి ఉంటుంది. అందులోంచి ఏం పడేసినా ఎవరు, ఏమిటి అని అడక్కుండా అచ్చు వేసేస్తుంది. ఇంట్లో అయితే పర్లేదు. ఆ కిటికీ వీధిలోకి తెరుచుకుంటే?

2017 ఫిబ్రవరిలో, మారుపేరుతో ఉన్న ఓ హ్యాకరు లక్షన్నరకు పైగా ప్రింటర్లతో తన సందేశం అచ్చు వేయించానని చెప్పుకొన్నాడు. ‘మీ ప్రింటరు బయటికి తెరిచి ఉంది, మూసుకోండి’ అన్నది దాని సారాంశం. 2018 నవంబరులో ఇంకొకరు దాదాపు 50 వేల ప్రింటర్ల నుంచి ఓ యూట్యూబ్ ఛానెల్ ప్రచార కాగితాలు వదిలించారు. అవి సరదాగా పోయాయి. అదే కిటికీలోంచి బెదిరింపు ఉత్తరం వస్తే? అందుకే ప్రింటరు నంబరు ఇంటి గడప దాటకపోవడమే క్షేమం.

మీరేం చేయొచ్చు?

మీ ఇంట్లోనో షాపులోనో ప్రింటరు ఉన్నట్టుండి పలకడం మానేస్తే డ్రైవర్ జోలికి వెళ్లకండి. నాలా అరగంట పోగొట్టుకోవద్దు. ముందు ప్రింటరు నంబరు చూడండి. తెర ఉన్న ప్రింటర్లలో నెట్‌వర్క్ వివరాల్లో కనిపిస్తుంది. తెర లేనివాటిలో ఏ మీట నొక్కితే వివరాల కాగితం వస్తుందో దాంతో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది. ఆ నంబరు 169.254తో మొదలైతే గుమస్తా దొరకలేదని అర్థం. వైఫై పెట్టె వెలుగుతోందా, కేబుల్ ఊడిందా చూసి, ప్రింటర్ని ఓసారి ఆపి వేయండి.

కరెంటు పోయి వచ్చినప్పుడు ముందు వైఫై పెట్టె వేయండి. రెండు మూడు నిమిషాలు ఆగి ప్రింటరు వేయండి. సగం రోగాలు దీంతోనే పోతాయి.

నంబరు 192.168తోనే మొదలైనా, కంప్యూటరు వెతుకుతున్న నంబరు కాకపోవచ్చు. అప్పుడు అద్దె గది మారిందన్నమాట. దీనికి శాశ్వత పరిష్కారం ఉంది. వైఫై పెట్టె సెట్టింగుల్లో ప్రింటరు మ్యాక్ అడ్రస్ రాసి ‘ఈ పుట్టుమచ్చ ఉన్నవాడికి ఎప్పుడూ ఇదే గది’ అని చెప్పొచ్చు. లాడ్జిలో పాత ఖాతాదారుడికి గది అట్టేపెట్టినట్టు. నలభై ఏళ్లనాటి బూట్‌పీ జాబితా పనే ఇది. ఇప్పుడు ఒక్క ప్రింటరుకు రాస్తే చాలు.

కొందరు ప్రింటరులోనే చేత్తో నంబరు వేసేస్తారు. తప్పు కాదు. కానీ గుమస్తా పంచే వరుసలోని నంబరు వేయకండి. మీరు ప్రింటరుకు ఇచ్చిన గదినే అతను తెలియక ఇంకెవరి ఫోనుకో ఇచ్చేస్తాడు. మళ్లీ ఇద్దరు బుజ్జిల కథే.

ఫోను నుంచి ప్రింటు తీసేవాళ్లకు ఈ బాధ తక్కువే. అక్కడ ఫోను నంబరుతో వెతకదు, పేరుతో పిలుస్తుంది. ‘ఈ ఇంట్లో ప్రింటర్లెవరైనా ఉన్నారా?’ అంటే ప్రింటరే ‘నేనున్నా, ప్రస్తుతం ఫలానా నంబర్లో’ అని జవాబిస్తుంది. ఒకే నంబరును పట్టుకుని వేలాడే పాత కంప్యూటరు సెట్టింగులకే ఈ తలనొప్పి.

ఆ రోజు సాయంత్రం మళ్లీ షాపుకెళ్లాను. వైఫై పెట్టెలో ప్రింటరుకు గది అట్టేపెట్టించాను. రమణ ఆ ఇడ్లీ కాగితాన్ని పారేయలేదు. చట్నీ మరకతో సహా గోడకు అతికించాడు. పక్కనే కొత్త కాగితం కూడా. ‘ఇది ఉంటే మంచిది, అది ఉంటే ఆపి వేయాలి’ అని కింద స్కెచ్ పెన్నుతో రాసుకున్నాడు. నేను చెప్పిన రెండు గంటల పాఠం రెండు ముక్కల్లో!

మేం మాట్లాడుతుండగానే పొద్దున్నటి తండ్రి వచ్చాడు. బస్సు అందిందట. అమ్మాయి పరీక్ష బాగానే రాసిందట. జేబులోంచి అయిదు రూపాయల బిళ్ల తీసి బల్లమీద పెట్టాడు. ‘‘హడావుడిలో పొద్దున ఇవ్వడం మర్చిపోయా బాబూ’’ అన్నాడు. రమణ వద్దన్నా వినలేదు.

ప్రింటరు పొద్దున్నే తన నంబరు రాసి మా చేతికిచ్చింది. మేమే చదవలేదు. ఈసారి మీ ప్రింటరు అడగకుండా ఓ కాగితం వదిలితే... పొట్లం కట్టేముందు ఓసారి చదవండి!